ఇరవైలో ఎన్ని?

తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుడైనా, బైకు మీంచి పడ్డ కుర్రాడైనా, మెడ దగ్గర వెన్నుపాము నలిగిందంటే చుట్టాలు అడిగే మొదటి మాట ఒకటే: ‘మళ్లీ నడుస్తాడా డాక్టరుగారూ?’ తన అన్నం తను తింటాడా అని అడిగేవాళ్లు తక్కువ. ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో తేల్చేది మాత్రం చాలావరకు ఈ రెండో ప్రశ్నే.

దీనికో కొలత ఉంది. ఇజ్రాయెల్‌లోని లోవెన్‌స్టైన్ పునరావాస ఆసుపత్రిలో అమిరామ్ కాట్జ్ బృందం వెన్నుపాము గాయాల కోసమే తయారుచేసి 1997లో ప్రచురించింది. పొట్టిపేరు స్కిమ్. మొత్తం 100 మార్కులు. ఊపిరికీ మలమూత్రాల సంగతికీ 40, కదలికకు 40, సొంత పనులకు 20. తినడం, స్నానం, బట్టలు, మొహం కడుక్కుని తల దువ్వుకోవడం అన్నీ ఆ ఇరవైలోనే. 1965 నాటి బార్తెల్ సూచీ లాంటి పాత కొలతలు రకరకాల రోగులకు కలిపి వాడేవి. మెడ దెబ్బ తిన్నవాడి చేతిలో వచ్చే చిన్న మార్పు వాటికి అందదు.

చిన్నదంటే ఎంత? మెడ నరాల్లో అయిదోది, అంటే సి5 వరకు పనిచేస్తే మోచెయ్యి ముడవగలడు, అంతే. ఇంకొక్క మెట్టు దిగి సి6 మిగిలితే మణికట్టు పైకి లేస్తుంది. వేళ్లలో బలం లేకపోయినా, మణికట్టు లేచేసరికి వాటి స్నాయువులు బిగిసి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలి పక్కకు ఆనుతుంది. చెంచా నిలబడటానికి ఆ పట్టు చాలు. మనవాళ్లేమో ప్రేమకొద్దీ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి మరీ వేళ్లన్నీ నిటారుగా సాగదీస్తుంటారు. అలా రోజూ లాగితే ఆ బిగువు వదులై, మిగిలిన పట్టు కాస్తా పోతుంది. ఈ సంగతి ఇంటికి పంపేముందే గట్టిగా చెప్పాలి.

కొలతకూ దాని ఊరి వాసన ఉంటుంది. స్కిమ్‌లో తినడమంటే ముక్క కోసుకోవడం, మూత తీయడం, గ్లాసులో వంపుకోవడం కూడా. బట్టల్లో గుండీలు, జిప్పులు, లేసులు ఉన్నవి వేరు, లేనివి వేరు. లుంగీకి గుండీ లేదు, కానీ ముడి ఉంది! పప్పన్నం కలపడానికి కత్తి అక్కర్లేదు, వేళ్లు కావాలి. వీటికి మార్కులెలా వెయ్యాలో మన థెరపిస్టులు కూర్చుని తేల్చుకోవాలి.

అంతకన్నా పెద్ద చిక్కు మన ఇళ్లలోనే ఉంది. స్కిమ్ చూసేది మనిషి నిజంగా చేస్తున్న పనిని. అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే కొడుకు చేతికి పడేది సున్నా. ఆ సున్నా నరాలదా, అమ్మదా? సదరం వైకల్య సర్టిఫికెట్ మీది శాతం పోయినదాన్ని లెక్కిస్తుంది. పింఛనుకు అది కావాలి, కాదనను. అయితే ‘చేయగలను’ అని చూపిస్తే ఆ శాతం తగ్గుతుందేమోనన్న భయం ఉన్నచోట ఏ చెయ్యి సాధన చేస్తుంది?

అందుకే పింఛను లెక్క పింఛనుకే ఉంచి, డిశ్చార్జి కాగితం మీద ఈ ఇరవైలో ఎన్ని వచ్చాయో విడిగా రాయాలి. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా పక్కన కొత్త అంకె పడాలి. మార్కు వేసేముందు కంచం అతని ముందు పెట్టి, అమ్మను పావుగంట బయట కూర్చోమనాలి.