చిత్రకళకును ఓనమాలున్నవి

పరకాలలో నొక గృహమున పదునాఱేండ్ల బాలిక రవివర్మ చిత్రముయొక్క అచ్చుప్రతిని ముందుంచుకొని తైలవర్ణములతో దాని ప్రతిని వ్రాయుచుండగా మేము చూచితిమి. అద్దము ముందర కొప్పున మల్లెదండ తురుముకొను నాయరు వనిత; 1873లో వియన్నా ప్రదర్శనమున బహుమానము పొందిన చిత్రమది. అంతలో వచ్చిన పెద్దమనుష్యు డొకరు, "ఎంత శ్రమపడిన నేమమ్మా, నకలే కదా!" యనిరి. బాలిక కుంచెను క్రింద బెట్టెను. దానిని మరల నామె చేతి కిచ్చుటకే యీ వ్యాసము.

పలకమీద ఓనమాలు దిద్దు బిడ్డను అక్షరచోరు డని మనము నిందింతుమా? దిద్దని చేయి పద్యము వ్రాయనేరదు. చిత్రకళకును అంతియే. గురువు దొరకనిచోట గొప్ప చిత్రమే గురువు. రవివర్మకు మాత్రము నేర్పినవా రెవరు? తిరువాన్కూరు ఆస్థాన చిత్రకారుడగు రామస్వామి నాయుడు తైలవర్ణముల మర్మము చెప్ప నిరాకరించెనని ప్రసిద్ధి. 1868లో ఆ యాస్థానమునకు వచ్చిన థియొడోర్ జెన్సన్ చిత్రించుచుండగా చూచి యాతడు గ్రహించెను. పారిసులోని లూవ్రు చిత్రశాలలో నేటికిని అనుమతి పొందినవారు మూలచిత్రముల యెదుట నిలిచి ప్రతులు వ్రాయుదురు. అయితే ప్రతి మూలముకంటె పెద్దదిగనో చిన్నదిగనో యుండవలెను. నేర్చుకొనుట వేఱు, మోసగించుట వేఱని చెప్పు నియమ మిది.

ఇందువలన చేతి కబ్బునది యల్పము కాదు. అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. కావున క్రిందిపూతలో నూనె తక్కువగను, పైపూతలలో క్రమముగా హెచ్చుగను ఉండవలెను. లేనిచో పటము బీటలు వాఱును. చెంపమీది వెలుగు వట్టి తెలుపు కాదనియు, మెడక్రింది నీడ వట్టి నలుపు కాదనియు, పెదవికిని చర్మమునకును నడుమ గీత లేదనియు కుంచెయే నేర్పును గాని యుపన్యాసము నేర్పదు.

మేము గర్హించు నకలు వేఱొకటి గలదు. ఛాయాచిత్రముపై గళ్లు గీసి, ఆలోచింపక రంగులు నింపి, క్రింద తన పేరు వ్రాసికొనుట. తలిదండ్రులు దానిని బిడ్డ స్వకల్పనమని చుట్టములకు చూపి మురియుట. అది విద్య కాదు, అసత్యము. నకలు వెనుక "రవివర్మను చూచి వ్రాసినది" యని స్పష్టముగా వ్రాయవలెను. అచ్చుప్రతిలో పూతల మందము కనబడదు గనుక, దానిని వేఱొక గుడ్డముక్కపై పరీక్షించి తెలిసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఎల్లకాలము దిద్దుచునే యుండరాదు.

అమ్మా, నీ మొదటి పటము రవివర్మది, కానిమ్ము. రెండవది కిటికీయొద్ద కూర్చుండు మీ యవ్వది కావలెను. ఆమె ముడుతలను ఏ మహాచిత్రకారుడును నీకొఱకు ముందుగా వ్రాసి పెట్టలేదు.