మనిషికొక పాస్‌వర్డు

కువైట్‌లోని మా క్యాంపులో పన్నెండు మందిమి కలిసి నెట్ లైను పెట్టించుకున్నాం. మొదట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డు. నెల తిరగకముందే అది పక్క బ్లాకు దాకా పాకింది. శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేస్తే పిల్లల ముఖాలు నిలిచిపోయేవి. పాస్‌వర్డు మార్చినా వారంలో మళ్లీ పాత కథే.

ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మేం ముగ్గురం ఒక రాత్రి దీని సంగతి చూశాం. మాది మైక్రోటిక్ పెట్టె. అందులో ఐపీ, ఆ తర్వాత హాట్‌స్పాట్‌లోకి వెళ్లి సెటప్ పూర్తి చేశాం. యూజర్స్‌లో పన్నెండు పేర్లు, పేరుకొక పాస్‌వర్డు చేర్చాం. ఈ జాబితా పెట్టెలోనే ఉంటుంది, వేరే సర్వర్ అక్కర్లేదు. యూజర్ ప్రొఫైల్‌లో షేర్డ్ యూజర్స్ 1 అని ఉంచితే ఒక పేరు మీద ఒకేసారి ఒక్క ఫోనే నడుస్తుంది. ఎవరైనా ఎగ్జిట్‌పై ఇంటికి పోతే ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు, మిగతావారికి ఇబ్బంది లేదు.

రెండు మాటలు మరవకండి. ఈ లాగిన్ పేజీ మనిషిని గుర్తుపడుతుంది గానీ గాలిలో పోయే సమాచారాన్ని దాచదు. అందుకే వైఫైకి డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డు కూడా ఉంచండి. పెట్టె అడ్మిన్ పాస్‌వర్డు తప్పక మార్చండి, అది ఇద్దరికి మించి తెలియకూడదు.

లైను ఒకరి పేరున ఉంటుంది. రేపు ఎవరో చేసిన తప్పుకు ముందుగా అడిగేది అతన్నే. పరాయి దేశంలో ఉన్నాం, క్యాంపు బాస్‌కు చెప్పే ఈ పని చేయండి.