చంపాక పుట్టిన ప్రేమ

పెంథెసిలియా పేరెత్తగానే, సాహిత్యం పాఠాలు చెప్పేవాళ్ళు కూడా "అకిలీస్ ప్రేమించిన అమెజాన్ రాణి కదా" అంటారు. ప్రేమించాడట! ఎప్పుడు? ఈటెతో పొడిచి చంపేసి, శిరస్త్రాణం తీసి ముఖం చూశాక. దీన్ని విషాద ప్రణయమని ఇంకెన్నాళ్ళు చెబుతాం?

ఆమె ట్రాయ్‌కి ఎందుకొచ్చిందో అడిగేవాళ్ళు తక్కువ. క్వింటస్ కావ్యంలో ఆమె వేటలో దుప్పికి విసిరిన ఈటె తగిలి తోబుట్టువు హిప్పోలిటా చనిపోతుంది. ఆ పాపం కడుక్కోవడానికి పన్నెండుమంది సహచరులతో, హెక్టర్‌ని పోగొట్టుకున్న నగరానికి అండగా వస్తుంది. దుఃఖం, పశ్చాత్తాపం, యుద్ధ కౌశలం... మగవాడికైతే వీటితోనే మహావీరుడి గాథ తయారయ్యేది. ఈమెకి మాత్రం చావులోనూ అందమే మిగిల్చారు. శవం చూసి అకిలీస్ కుమిలిపోవాలని ఆఫ్రొడైటీ దగ్గరుండి ఆ అందాన్ని నిలబెడుతుంది. చంపకుండా పెళ్ళాడి ఇంటికి తీసుకుపోతే బాగుండేదని అతని బాధ. ఆమె ఒప్పుకునేదా అన్న ప్రశ్న అతనికీ రాదు, కవికీ రాదు.

బ్రిటిష్ మ్యూజియంలో క్రీ.పూ. 530 ప్రాంతంలో ఎక్సేకియాస్ చిత్రించిన కుండ ఉంది. అందులో అకిలీస్ ముఖాన్ని శిరస్త్రాణం కప్పేసింది. ఒరిగిపోతున్న ఆమె ముఖం మాత్రం మనకి పూర్తిగా కనిపిస్తుంది. చూసేవాడికి కవచం, చూడబడే ఆమెకి అదీ లేదు.

ఈ మోహాన్ని ఎగతాళి చేసినందుకు థెర్సిటీస్‌ని అకిలీస్ చంపేస్తాడు. ఇప్పుడు దొరకని "ఈథియోపిస్" కావ్యపు సంగ్రహం ప్రకారం, ఆ హత్యకి లెస్బోస్ వెళ్ళి బలులిచ్చి శుద్ధి చేయించుకుంటాడు. పెంథెసిలియాని చంపినందుకు ఏ శుద్ధీ అక్కర్లేదు, అది యుద్ధం కదా!

అమెజాన్లు రొమ్ము కోసుకునేవారన్న కథా ఇలాంటిదే. పేరుకి అల్లిన తప్పుడు వ్యుత్పత్తి అది. గ్రీకు చిత్రకారులు వాళ్ళని రెండు రొమ్ములతోనే చిత్రించారు. అయినా ఆయుధం పట్టిన స్త్రీ అనగానే మనకి మొదట గుర్తొచ్చేది ఆ కోతే.

1808లో క్లైస్ట్ తన నాటకంలో కథని తిరగేశాడు. అక్కడ ఆమే అకిలీస్‌ని చంపుతుంది, కానీ ఉన్మాదంలో, కుక్కలతో కలిసి పళ్ళతో చీల్చి. స్పృహలో ఉండి గెలిచే హక్కు అక్కడా ఇవ్వలేదు.

1983లో క్రిస్టా వోల్ఫ్ "కసాండ్రా"లో ఆ ప్రేమని శవం మీద అత్యాచారంగా రాసింది. క్వింటస్‌ని పాఠం చెప్పేవాళ్ళు అదే క్లాసులో ఆ పేజీలూ చదివించాలి.