రాజుగారు మూయించిన తూము

1437 ఫిబ్రవరిలో స్కాట్లండు రాజు మొదటి జేమ్స్ పెర్త్ పట్టణంలోని ఒక మఠంలో విడిది చేసి ఉండగా రాత్రివేళ హంతకులు చొరబడ్డారు. వేరే దారి లేక ఆయన నేలపలకలు పెకలించి కిందనున్న మురుగు తూములోకి దిగాడు. తూము అవతలి కొస తెరిచి ఉంటే బ్రతికి బయటపడేవాడే. కాని మూడు రోజుల ముందే దాన్ని తానే మూయించాడు. ఎందుకంటారా? ఆడుకొనేటప్పుడు టెన్నిస్ బంతులు దొర్లుకుంటూ వెళ్ళి అందులో పడిపోతున్నాయట! ఆనాటి కథనం అది. బంతులు దక్కాయి గాని రాజు దక్కలేదు.

ఫ్రాన్సు రాజు ఎనిమిదవ షార్ల్ కథ ఇంకా చిత్రమైనది. 1498 ఏప్రిల్‌లో అంబ్వాజ్ కోటలో ఇదే ఆట చూడటానికి వెళుతూ ఒక పొట్టి ద్వారబంధానికి తల కొట్టుకొన్నాడు. కొద్ది గంటల్లోనే పోయాడు.

ఇద్దరిలో ఎవరూ బంతి తగిలి చనిపోలేదని గమనించండి. ఒకరిని తూము, ఒకరిని ద్వారం బలిగొన్నాయి. ఆటలో ఉన్న ప్రమాదం అందరికీ కనిపిస్తుంది, ఆట చుట్టూ ఉన్నది కనిపించదు. ఈ మాట పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను.

ఆ రాజులాడిన ఆటను ఇప్పుడు రియల్ టెన్నిస్ అంటున్నారు. 1870లలో పచ్చికమీది టెన్నిస్ పుట్టి పేరంతా తానే పట్టుకుపోయాక, పాతదానికి ‘అసలైన’ అనే విశేషణం తగిలించవలసి వచ్చింది. బ్రిటన్, ఫ్రాన్సు, అమెరికా, ఆస్ట్రేలియాలలో కలిపి సుమారు యాభై ఆటస్థలాలే మిగిలాయి. నాలుగు గోడల మధ్య ఆడతారు. మూడు వైపులా మన మండువా లోగిళ్ళ పంచపాళీ వంటి వాలు కప్పు ఉంటుంది. సర్వీసు చేసిన బంతి ఆ కప్పుమీద దొర్లి అవతలివైపు జారాలి. బెండు ముద్దకు గుడ్డపట్టీ బిగించి చుట్టి, దారంతో కట్టి, పైన ఉన్నిబట్ట కుట్టి, బంతిని చేత్తోనే తయారుచేస్తారు. మామూలు టెన్నిస్ బంతి 58 గ్రాములుంటే ఇది 70 దాటుతుంది. లోపల గాలి ఉండదు గనుక గట్టిగా ఉంటుంది, తక్కువ ఎత్తు లేస్తుంది.

ఉద్యోగరీత్యా ఇంగ్లండు చేరిన నేను, యాభయ్యో పడిలో అక్కడి ఒక క్లబ్బులో చేరాను. వయసుకూ నైపుణ్యానికీ తగినట్టు పాయింట్లు సర్దే హ్యాండిక్యాప్ పద్ధతి ఈ ఆటకు ప్రాణం. అందువల్ల ఇరవై ఏళ్ళ కుర్రవాడూ డెబ్భై ఏళ్ళ పెద్దాయనా సమవుజ్జీలుగా ఆడగలరు. నన్ను ఆకర్షించినదీ అదే.

చేరినరోజున నాలుగు పేజీల నియమావళి ఇచ్చారు. ఒక్క అక్షరం చదవకుండా సంతకం చేశాను. మరొక కాగితంలో ‘ఆరోగ్య సమస్యలు, వాడుతున్న మందులు’ అనే గడి ఉంది. అంతకు నాలుగేళ్ళ క్రితం నాకు గుండె నాళంలో స్టెంటు వేశారు. రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటాను. అయినా ‘ఏమీ లేవు’ అని రాశాను. ఎందుకు రాశానో మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్ళిచూపులనుంచి ఉద్యోగపు దరఖాస్తుల వరకు జబ్బు దాచిపెట్టడం మనకు లోకజ్ఞానం కింద లెక్క. చెబితే ఆడనివ్వరేమోనన్న అనుమానం ఒకటి, పదిమందిలో రోగిష్టినైపోతానన్న సిగ్గు మరొకటి.

ఒక సాయంత్రం ఆట మధ్యలో కాలికింద బంతి పడి జారాను. వల దగ్గర చేరిన బంతులను ఎప్పటికప్పుడు బుట్టలో వేయమని నియమావళి రెండో పేజీలోనే ఉందట! తల గోడకు తగిలి కాసేపు స్పృహ తప్పింది. నాతో ఆడుతున్న విశ్రాంత ఉపాధ్యాయుడు 999కి ఫోన్ చేశాడు. ఏవైనా మందులు వాడుతున్నాడా అని అవతలివారు అడిగారు. ఆయన క్లబ్బు కాగితం తీయించి, చదివి, “ఏమీ లేవు” అని జవాబిచ్చాడు. తలకు దెబ్బ తగిలినవాడు రక్తం పలచబడే మందు వాడుతున్నాడా లేదా అన్నది వైద్యులకు ఎంత ముఖ్యమో తరువాత తెలిసింది. అత్యవసరమైతే పిలవవలసిన నంబరు కూడా ఏడాది క్రితం మేము ఖాళీ చేసిన ఇంటిది. అదృష్టవశాత్తు అంబులెన్సు వచ్చేసరికి నాకు తెలివి వచ్చి నిజం చెప్పగలిగాను. పరీక్షల్లో ప్రమాదమేమీ లేదని తేలింది. అయినా నన్ను ఇప్పటికీ బాధించేది దెబ్బ కాదు. నేనాడిన అబద్ధాన్ని, నా ప్రాణం కాపాడబోయిన ఒక సత్యవంతుడి చేత పలికించాను.

ఆ నియమాలన్నీ క్లబ్బు తన నెత్తిమీదికి రాకుండా రాయించుకొనేవేనని వాదించే మిత్రులున్నారు. అందులో కొంత నిజముంది. కాని తమ నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయినా గాయపడినా బాధ్యత లేదని ముందే కాగితం రాయించుకొని వ్యాపార సంస్థలు తప్పించుకోవడానికి బ్రిటన్‌లో 1977 నుంచే చట్టం ఒప్పదు. అంటే ఆ సంతకం వారి కవచం మాత్రమే కాదు. తోటి ఆటగాడికి మనమిచ్చే మాట కూడా.

ఆసుపత్రినుంచి వచ్చాక ఆ నాలుగు పేజీలు చదివాను. కొత్తవారు శిక్షకుడి దగ్గర తొలి పాఠం తీసుకోనిదే ఆడరాదు. ఆట నడుస్తుండగా లోపలికి అడుగు పెట్టరాదు, పాయింటు ముగిసేదాకా ఆగాలి. చూసేవారు వల వెనక కూర్చున్నా, వలకు ముఖమూ వేళ్ళూ ఆనించరాదు, ఎందుకంటే బంతి తగిలినప్పుడు వల వెనక్కి సాగుతుంది. జంటగా ఆడేటప్పుడు ముందున్నవాడు వెనకవాడి దెబ్బ చూడటానికి మొహం తిప్పరాదు, కళ్ళద్దాలు ధరిస్తే మేలు. అత్యవసర ద్వారం ముందు సంచులు పెట్టరాదు. ఇందులో అర్థం కానిదిగాని కష్టమైనదిగాని ఒక్కటీ లేదు.

చివరి నియమం దగ్గర నాకు జేమ్స్ రాజు గుర్తుకొచ్చాడు. మనం సంచి పెట్టేది తలుపుకు అడ్డమని కాదు, చేతికి దగ్గరని. ఆయనా తూము మూయించింది చావడానికి కాదు, బంతులకోసం. నేనూ ఆ గడిలో ‘ఏమీ లేవు’ అని రాసింది ఆడుకోవడానికే. చిన్న సౌకర్యం కోసం మనం మూసే దారి రేపు మనకే కావలసి రావచ్చు.

కోలుకున్నాక కొత్త కాగితం అడిగి తీసుకొని అన్నీ రాశాను. డాక్టరు అనుమతిపత్రం తెమ్మన్నారు, తెచ్చాను. ఆడవద్దని ఎవరూ అనలేదు. నాతో ఆడేవారికి ఇప్పుడు నా మాత్రల సంగతి తెలుసు, డిఫిబ్రిలేటర్ ఏ గోడకు ఉందో నాకు తెలుసు. సిగ్గుపడవలసినదేదీ అందులో కనబడలేదు.

మీరు చేరేది ఈతకొలను కావచ్చు, వ్యాయామశాల కావచ్చు, మీ వీధిలోని షటిల్ కోర్టు కావచ్చు. కాగితం చేతికిచ్చినప్పుడు కలం తీసేముందు కళ్ళజోడు తీయండి. ఆ గడిని మాత్రం అబద్ధంతో నింపకండి. ఇంతకూ మీరు కిందటిసారి ఏం రాశారో గుర్తుందా?