ఆకాశానికి కాపలా

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. యుద్ధమంటే ఎక్కడో సరిహద్దున జరిగేదనుకున్న తెలుగువాళ్ళకు అది నెత్తిమీదికి కూడా వస్తుందని ఆనాడు తెలిసింది. నేలమీద గోడ కట్టవచ్చు, ఆకాశానికి కట్టడమెట్లా?

2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు నడిచిన నాలుగు రోజులూ మా కమాన్‌పూర్‌లోనూ ఇదే ముచ్చట. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మా పొరుగాయన అడిగాడు: “సార్, విమానం గంత మీద పోతది గదా, కిందికెల్లి దాన్నెట్ల కొడ్తరు?”

కొట్టడం తరువాతి మాట, ముందు చూడాలి అన్నాను. లెక్క వేయండి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం నిమిషానికి 15 కిలోమీటర్లు వస్తుంది. మన ‘ఆకాశ్’ క్షిపణి అందుకోగలిగేది సుమారు 25 కిలోమీటర్లు. శత్రువు ఆ గీత దాటాక మిగిలేది నూరు సెకన్లు! పొయ్యిమీద పాలు పొంగేటంత వ్యవధి కూడా కాదు. అందుకే రాడారు అంతకంటె ఎంతో దూరాననే పసిగట్టి, వచ్చేది మనవాళ్ళదా, పరాయివాళ్ళదా తేల్చాలి.

ఆ పోరులో పనిచేసిన ఈ ఆకాశ్ మన హైదరాబాదు బిడ్డే. 1983లో మొదలైన క్షిపణి పథకంలో పుట్టింది; భారత్ డైనమిక్స్‌లో తయారవుతోంది. సైన్యానికి లాంఛనంగా అందింది 2015లో. ముప్పైయేళ్ళ తపస్సన్నమాట! మామూలు రాకెట్టు మందు అయిపోయాక విసిరిన రాయిలా పోతుంది. ఇది బయటి గాలిని పీల్చుకుంటూ మండుతుంది గనుక చివరిదాకా ఊపు తగ్గదు. నేలమీది రాడారు దారి చెబుతూ ఉంటుంది. విమానాన్ని తాకనక్కరలేదు, దగ్గరికి పోయి పేలితే చాలు. ఇంకా దూరాన వచ్చేవాటికి రష్యా నుంచి తెచ్చుకున్న ఎస్-400 ఉంది.

పొరుగాయన తల ఊపాడు. “గట్లయితె బాయిల పైకప్పు కొట్టి చూసినట్టే సార్. సప్పుడు తేడా ఉంటె ముందే జరగాలె. కూలినంక ఏం జేస్తం?”

ఇంతకంటె తేటగా ఏ ఇంజనీరు చెప్పగలడు?

మా పక్కనే రామగుండం. అక్కడి ఎన్.టి.పి.సి. పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లది. యుద్ధమొస్తే శత్రువు కన్ను ముందుగా పడేది ఇటువంటి చోట్లమీదనే. గొడుగు ఎంత మంచిదైనా ఒక్క చినుకూ పడదని ఎవరూ పూచీపడరు. సైరను మోగితే దీపాలార్పడం, నీడపట్టున చేరడం, పుకార్లు మోయకుండా ఉండడం ఇంటిల్లిపాదీ వంతు. కాసిని నిమిషాల వ్యవధి సంపాదించడానికి మన శాస్త్రజ్ఞులు ముప్పైయేళ్ళు ఖర్చుపెట్టారు. ఆ నిమిషాలను కంగారుతో పారబోసుకోవడం మనకు తగదు.