ఎవరు పెద్ద?

పిల్లలూ, ఈ నెల ఒక కుర్రవాడు మనకు ఇలా రాశాడు:

"మా టామీ, నేనూ ఒకే నెలలో పుట్టాము. నాకు తొమ్మిదేళ్ళు, వాడికీ తొమ్మిదేళ్ళే. పోయిన ఏటిదాకా నేను బడి నుంచి వచ్చేవేళకు వాడు వీధి మలుపు దాకా పరుగెత్తుకొని ఎదురు వచ్చేవాడు. ఇప్పుడు అరుగు మీద పడుకొనే తోక ఆడిస్తున్నాడు. బంతి విసిరితే రెండుసార్లు తెచ్చి, మూడోసారి కూచుండిపోతున్నాడు. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను. నాన్నగారేమో 'వాడు ముసలివాడయ్యాడురా' అంటున్నారు. నాకన్న పెద్దవాడు కానివాడు నాకన్న ముందు ముసలివాడు ఎట్లా అవుతాడు?"

చాలా మంచి ప్రశ్న. క్యాలెండరును అడిగితే ఇద్దరూ సమానమే అంటుంది. కాని శరీరాన్ని అడిగితే వేరే లెక్క చెబుతుంది. ఆ లెక్క ఏమిటో ఈ నెల చూద్దాం.

దీనికి చాలామంది చెప్పే జవాబు ఒకటి ఉన్నది. "కుక్కకు ఒక ఏడు అంటే మనిషికి ఏడేళ్ళు. కనక కుక్క వయస్సును ఏడుతో గుణించు" అంటారు. మనిషి 70 ఏళ్ళు, కుక్క 10 ఏళ్ళు బతుకుతాయనుకొని భాగిస్తే 7 వస్తుంది గదా! ఈ లెక్క అట్లా పుట్టి ఉంటుంది. ఎక్కం వచ్చినవారందరికీ ఇది తేలిక. అయితే తేలికైన లెక్కలన్నీ నిజం కావు. ఏడాది నిండిన కుక్క తానే పిల్లలను పెట్టి, పాలిచ్చి పెంచగలదు. ఏడేళ్ళ మనిషి పిల్ల ఏం చేస్తుంది? రెండో తరగతిలో కూచుని ఎక్కాలు అప్పజెబుతుంది! కనక ఏడుతో గుణిస్తే మొదటి మెట్టులోనే లెక్క తప్పిపోయింది.

మరి సరి అయిన దారి ఏది? మన కుర్రవాణ్ణీ టామీనీ పుట్టినరోజు నుంచి పక్కపక్కన నిలబెట్టి చూద్దాం.

పుట్టినప్పుడు మన కుర్రవాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. టామీకి కళ్ళూ తెరుచుకోలేదు, చెవులూ వినబడలేదు. కుక్కపిల్ల కళ్ళు తెరవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అంటే, మొదటి పదిహేను రోజులూ మన కుర్రవాడే పెద్ద!

తరవాత పళ్ళు చూడండి. పసిబిడ్డకు మొదటి పన్ను రావడానికి ఆరు నెలలో, ఎనిమిది నెలలో పడుతుంది. 20 పాలపళ్ళూ వచ్చేసరికి రెండున్నర, మూడేళ్ళు నిండుతాయి. కుక్కపిల్లకు మూడు నాలుగు వారాలకే పళ్ళు మొలుస్తాయి. రెండు నెలలకల్లా దాని 28 పాలపళ్ళూ వచ్చేస్తాయి. చెప్పులు కొరికేది అప్పుడే!

ఆ పాలపళ్ళు నాలుగో నెల నుంచి ఊడటం మొదలుపెడతాయి. ఆరేడు నెలలకు 42 గట్టిపళ్ళు వచ్చి కూచుంటాయి. మీకు మొదటి పన్ను ఎప్పుడు ఊడింది? ఆరేళ్ళప్పుడో, ఏడేళ్ళప్పుడో గదా! అంటే పళ్ళ లెక్కన నాలుగు నెలల కుక్కపిల్ల ఒకటో తరగతి పిల్లవాడితో సమానం. టామీ అప్పటికే మనవాణ్ణి దాటిపోయాడన్నమాట.

మొదటి ఏడు నిండింది. మనవాడు గోడ పట్టుకొని అడుగులు వేస్తున్నాడు. టామీ పూర్తిగా ఎత్తు ఎదిగి, వీధిగుమ్మం దగ్గర కాపలా కాస్తున్నాడు. రెండో ఏడు నిండింది. మనవాడు రెండేసి మాటలు కలిపి మాట్లాడుతున్నాడు. టామీ అప్పటికి నిండు యువకుడు.

పశువైద్యులు దీన్నంతా ఆలోచించి ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. నడితరపు కుక్కకు మొదటి ఏడు మనిషికి 15 ఏళ్ళతో సమానం. రెండో ఏడు మరి 9 ఏళ్ళు. అంటే రెండేళ్ళ కుక్కకు 24 ఏళ్ళు. అక్కడి నుంచి ప్రతి ఏడూ సుమారు 5 ఏళ్ళు కలుపుకుంటూ పోవాలి. మన ఊళ్ళలో తిరిగే మామూలు కుక్కకు ఈ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు మీరే పలక తీసుకొని టామీ వయస్సు కట్టండి. మొదటి రెండేళ్ళకు 24. మిగిలిన 7 ఏళ్ళకు ఏడైదులు 35. మొత్తం 59. చూశారా! మనవాడు నాలుగో తరగతిలో ఉండగానే టామీ ఉద్యోగం చాలించుకొని విశ్రాంతి తీసుకొనే వయస్సుకు వచ్చేశాడు. నాన్నగారు చెప్పింది నిజమే.

శాస్త్రజ్ఞులు ఇంకొక విధంగా కూడా ఈ సంగతి పరిశీలించారు. మన ఒంట్లోని దాదాపు అన్ని రకాల కణాలలోనూ డి.ఎన్.ఏ. అనే పదార్థం ఉంటుంది. మన శరీరం ఎట్లా తయారు కావాలో తెలిపే రాత అది. దాని మీద మీథైల్ అనే అతిచిన్న రసాయనపు గుర్తులు ఉంటాయి. వయస్సు పెరిగినకొద్దీ ఈ గుర్తులు మారుతూ వస్తాయి. చెట్టు మొదలు నరికితే కనిపించే వలయాలను బట్టి చెట్టు వయస్సు చెప్పినట్టు, ఈ గుర్తులను బట్టి శరీరం వయస్సు అంచనా కట్టవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నూటికి పైగా కుక్కల రక్తం తీసి, ఆ గుర్తులను మనుషుల గుర్తులతో పోల్చి, 2020 లో ఫలితం ప్రకటించారు. ఆ కుక్కలు చాలావరకు లాబ్రడార్ జాతివి.

వారి లెక్కలో ఏడాది కుక్క సుమారు 30 ఏళ్ళ మనిషికి సమానం. నాలుగేళ్ళ కుక్క 50 దాటిన మనిషి. పన్నెండేళ్ళ కుక్క 70 ఏళ్ళ మనిషి. "ఇదేమిటి! వైద్యులు 15 అంటే వీరు 30 అంటున్నారే!" అని మీరు అడగవచ్చు. వైద్యులు చూసింది ఎదుగుదల గడియారం, వీరు చూసింది కణాల గడియారం. రెండు గడియారాలూ ఒకే వేళ చూపవు. కాని ఒక సంగతి రెండూ చెబుతున్నాయి. కుక్క బతుకు మొదట్లో గుర్రంలా పరుగెత్తి, తరవాత ఎద్దుబండిలా మెల్లగా సాగుతుంది. అందుచేత అన్ని ఏళ్ళనూ ఒకే అంకెతో గుణించరాదు.

ఇక్కడొక వింత ఉన్నది. జంతువులలో సాధారణంగా పెద్దవి ఎక్కువకాలం బతుకుతాయి. ఏనుగు 60, 70 ఏళ్ళు బతికితే, చుంచెలుక రెండేళ్ళు బతకడమే గొప్ప. కాని కుక్కలలో ఇది తిరగబడింది. దూడంత ఎత్తు ఉండే గ్రేట్ డేన్ కుక్కలు సాధారణంగా 10 ఏళ్ళు దాటవు. ఒళ్ళో పట్టే చిన్నజాతి కుక్కలు 14, 15 ఏళ్ళు బతుకుతాయి. మనిషి బిడ్డ మొదటి ఏడు నిండేసరికి పుట్టినప్పటి బరువుకు మూడు రెట్లు అవుతుంది. గ్రేట్ డేన్ పిల్ల సుమారు నూరు రెట్లు అవుతుంది! అంత తొందరగా ఎదగడం వల్లనే ఆ శరీరం తొందరగా అరిగిపోతున్నదని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. కనక మీ కుక్క వయస్సు కట్టేటప్పుడు దాని జాతినీ ఎత్తునూ కూడా చూడాలి.

ఇక మన పిల్లి సంగతి. "నన్ను మరిచిపోయారా?" అని అది వంటింటి గడప మీద కూచుని చూస్తున్నది. పిల్లిపిల్ల వారం, పది రోజులకు కళ్ళు తెరుస్తుంది. తల్లి దాన్ని మెడ పట్టుకొని ఏడిళ్ళు తిప్పేది ఈ పసితనంలోనే. దానికి 26 పాలపళ్ళు, అవి ఊడాక 30 గట్టిపళ్ళు. పిల్లికీ మొదటి ఏడు 15, రెండో ఏటికి 24. ఆ తరవాత మాత్రం ఏటికి 4 చొప్పున కలపాలి. అయిదేళ్ళ పిల్లికి 36, పదేళ్ళ పిల్లికి 56, పదిహేనేళ్ళ పిల్లికి 76. ఏడాది దాకా పసితనం, ఆరేళ్ళ దాకా యౌవనం, ఏడు నుంచి పది దాకా నడివయస్సు, పది దాటితే వృద్ధాప్యం అని పశువైద్యులు పిల్లి జీవితాన్ని భాగించారు.

ఈ లెక్కలకు లొంగనివీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బ్లూయీ అనే కుక్క ఉండేది. దాన్ని 1910 లో పిల్లగా తెచ్చుకున్నారు. దాదాపు 20 ఏళ్ళు అది ఆవులనూ గొర్రెలనూ కాసి, 1939 లో చనిపోయింది. 29 ఏళ్ళ 5 నెలలు బతికిందని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967 ఆగస్టు 3 న పుట్టి, 2005 ఆగస్టు 6 న చనిపోయింది. అంటే 38 ఏళ్ళ 3 రోజులు!

దాని వయస్సు మన లెక్కన కట్టి చూడండి. రెండేళ్ళకు 24, మిగిలిన 36 ఏళ్ళకు నాలుగేసి చొప్పున 144. మొత్తం 168. మనుషులలో ఎవరైనా అంతకాలం బతికారా? లేదు. రుజువులున్నంతవరకు అందరికన్న ఎక్కువకాలం బతికినది జాన్ కాల్మాఁ అనే ఫ్రెంచి అవ్వ. ఆమె 1875 లో పుట్టి, 1997 లో 122 ఏళ్ళ వయస్సులో చనిపోయింది. దీన్నిబట్టి ఏం తెలిసింది? ఈ లెక్క పోలిక కోసమే. పలక మీది అంకెతో తృప్తిపడక, ఎదుట ఉన్న జంతువును కూడా చూడాలి.

ఏం చూడాలి? కుక్క మూతి చుట్టూ వెంట్రుకలు నెరుస్తాయి. కంటిపాప మీద నీలిరంగు మసక తేలుతుంది. పిలిస్తే ఆలస్యంగా తల తిప్పుతుంది. పడుకొని లేచేటప్పుడు వెనక కాళ్ళు కూడదీసుకుంటుంది. పిల్లి అయితే తన ముసలితనాన్ని దాచుకుంటుంది. ఒక్క గంతులో అటక ఎక్కేది, ముందు బల్ల, తరవాత గూడు, తరవాత అటక అని మజిలీలు చేస్తుంది. ఒళ్ళు నాకి శుభ్రం చేసుకోవడం తగ్గిస్తుంది. నీళ్ళు మరీ ఎక్కువ తాగుతున్నా, తిండి తగ్గించినా, ఒళ్ళు తీసినా, అది వయస్సే అనుకొని ఊరుకోరాదు. పశువుల ఆస్పత్రిలో చూపించాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. లేవలేక మూలిగే కుక్కను చూసి చాలామంది "ముసలిది, ఇంక అంతే" అంటారు. కీళ్ళ నొప్పులకు కుక్కలకూ మందులున్నాయి. అయితే ఇంట్లో ఉన్న మన మాత్రలు వేయరాదు. మనం జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ఇక కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకొనేవారు అది రెండు నెలలు నిండేదాకా తల్లి దగ్గర ఉండనివ్వాలి. తెచ్చేముందు పిల్లలకు ఈ లెక్క ఒకసారి చూపించండి. మూడో తరగతిలో తెచ్చుకున్న కుక్కపిల్ల, వాళ్ళు కాలేజీలో చేరేసరికి తాతగా మారి ఉంటుంది. అప్పుడు కూడా ఎవరు అన్నం పెడతారు, ఎవరు ఆస్పత్రికి తీసుకువెళతారు అన్నది ఇవాళే అనుకోవాలి.

పిల్లలూ, మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న కుక్కా పిల్లీ ఎప్పుడు వచ్చాయో అమ్మనో, అమ్మమ్మనో అడిగి వయస్సు కట్టండి. తరవాత వాటి పళ్ళు, మూతి, కళ్ళు, నడక దూరం నుంచి గమనించి, మీ లెక్కతో సరిపోయిందో లేదో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. తింటున్నప్పుడూ, నిద్రపోతున్నప్పుడూ మాత్రం వాటి దగ్గరకు వెళ్ళకండి.

ఇక ఉత్తరం రాసిన అబ్బాయికి జవాబు. నాయనా, టామీకి నీ మీద కోపం లేదు. మొదటి పదిహేను రోజులు నువ్వు పెద్ద, తరవాత కొన్నాళ్ళకే వాడు నిన్ను దాటిపోయాడు. నీతోపాటు పాకినవాడు ఇప్పుడు మీ ఇంట్లో తాతయ్య వయస్సువాడు. బంతి రెండుసార్లు తెచ్చాడంటే, ఆ రెండుసార్లూ నీ కోసమే తెచ్చాడు. మూడోసారి విసరకు. పక్కన కూచో. వాడి పక్కబట్ట గచ్చునేల మీద కాక, మెత్తగా, గాలి తగలకుండా వెయ్యి. ఇక వీధి మలుపు దాకా రావడం వాడివల్ల కాదు గనక, సాయంత్రం బడి వదలగానే దారిలో ఆగకుండా నువ్వే త్వరగా ఇంటికి వెళ్ళు.