ముందు గట్టెక్కించాలి, తర్వాతే చిట్టా



2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్ళు బెజవాడ సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్ళల్లోకి చొరబడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర ఆ రోజుల్లో నిలబడ్డవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తడిసిన చీరతో ట్రాక్టర్ దిగిన ముసలమ్మకు ముందు అన్నం పొట్లం, నీళ్ళ సీసా ఇచ్చాం. ఆధార్ కార్డు చూపించమనలేదు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నది నీళ్ళు తీశాక. పరిహారం ఎవరికి, ఎవరికి కాదు అన్న తగువులు కూడా ఆ తర్వాతవే.

ఈ వరసనే చట్టంలో పెట్టమని అడుగుతున్నాం. యుద్ధానికో ఊచకోతకో భయపడి ప్రాణాలు అరచేత పట్టుకుని, గుంపులుగా సరిహద్దు దాటి వచ్చే మనుషుల కోసం.

మన దేశానికి శరణార్థుల చట్టం లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంలో మనం చేరలేదు. 2025లో వచ్చిన విదేశీయుల చట్టంలోనూ శరణార్థి అంటే ఎవరో చెప్పలేదు. అందుకే 1959లో వచ్చిన టిబెటన్లకు ఒక తీరు, 1983 నుంచి వచ్చిన శ్రీలంక తమిళులకు ఇంకో తీరు, హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లోని రోహింగ్యాలకు మరో తీరు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఉన్నా, మన చట్టం ముందు ఆ కార్డుకు విలువ లేదు. 2011లో కేంద్ర హోంశాఖ ఒక పద్ధతి పెట్టింది: ఒక్కొక్కరి సంగతీ విచారించి, భయం నిజమనిపిస్తే దీర్ఘకాల వీసా ఇవ్వచ్చని. మంచిదే. కానీ వారంలో పదివేల మంది వచ్చిపడితే ఒక్కొక్కరినీ ఎప్పటికి విచారిస్తారు? అప్పటిదాకా ఆ తల్లులూ పిల్లలూ ఎక్కడుండాలి?

మనకెందుకులే అనుకోకండి. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన తాతల కథలు కోస్తాలో చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు బయల్దేరారు. ఓడ దొరకనివాళ్ళు కొండలు, అడవులు పట్టి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు పోలెండ్, రొమేనియా సరిహద్దుల్లో చలికి వణుకుతూ నిలబడ్డారు. అవతలివాళ్ళు వీసా లేకపోయినా దాటనిచ్చారు కాబట్టే ఇళ్ళకు చేరారు. అదే ఏడాది మార్చి 4న యూరోపియన్ యూనియన్, 2001లోనే రాసిపెట్టుకున్న తాత్కాలిక రక్షణ నిబంధనను ఉక్రెయిన్ ప్రజల కోసం బయటికి తీసింది. ముందే రాసి ఉంది కాబట్టి వారం, పది రోజుల్లో పని జరిగింది.

మన దగ్గర అంత స్తోమత ఉందా అంటారు. మీ ఇంట్లో పాత ఉత్తరాల కట్ట ఉంటే విప్పి చూడండి. 1971 నవంబరు 15 తర్వాత కొన్నాళ్ళపాటు వచ్చిన కవరు మీద మామూలు స్టాంపు పక్కన అయిదు పైసల స్టాంపు ఇంకొకటి కనబడుతుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన దాదాపు కోటి మంది కోసం వేసిన శరణార్థి సహాయ పన్ను అది. కవరు అంటించిన ప్రతి ఇల్లూ కట్టింది.

మరి దొంగలూ హంతకులూ కలిసి వస్తే? ఆ భయం న్యాయమైనదే. అయితే తరిమికొడతారని భయపడ్డ మనిషి దాక్కుంటాడు. కార్డు ఇస్తామంటే తనే వచ్చి వేలిముద్ర వేస్తాడు. నేరం చేసినవాణ్ణి విచారించి రక్షణ తీసేయండి, వాడి పక్కన నిలబడ్డ బాలింతను కాదు. ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉందని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి పార్లమెంటు శరణార్థుల చట్టం చేయాలి. జనం గుంపులుగా వచ్చినప్పుడు, మతం చూడకుండా అందరికీ కలిపి తాత్కాలిక రక్షణ ప్రకటించాలి. ప్రమాదంలోకి తిరిగి నెట్టకూడదు. వెంటనే పేరు నమోదు చేసి కార్డు ఇవ్వాలి, దానితో పని, బడి, ఆసుపత్రి దొరకాలి. ఒక్కొక్కరి విచారణ తర్వాత, అప్పీలు హక్కుతో జరగాలి.

విజయవాడ, మచిలీపట్నం, ఏలూరు ఓటర్లారా! ఒక పోస్టుకార్డు కొనండి. "శరణార్థుల చట్టం గురించి సభలో అడగండి" అని మీ ఎంపీకి రాసి, కింద మీ పేరూ ఊరూ పెట్టి, ఈ వారంలోనే డబ్బాలో వేయండి.